అడవి మట్టిలో గాజు దారం

మహబూబాబాద్ జిల్లా పటంలో ఉత్తరపు కొసన, అడవి చిక్కబడే చోట గంగారం మండలం ఉంది. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలతోపాటే కొత్తగూడ నుంచి విడివడి మండలమైంది. కోయగూడేలు, తండాలు, వాటి మధ్య వాగులు, వాగులు పొంగితే ఆగిపోయే రోడ్లు. సమ్మక్క భర్తగా కొలిచే పగిడిద్దరాజు కొలువైన పూనుగొండ్ల ఈ మండలంలోదే. మేడారం జాతర వచ్చినప్పుడల్లా పూజారులు ఆయనను అడవి దారిన కాలినడకన తీసుకెళ్తారు. ఇలాంటి సీమకు ఇంటర్నెట్ తీగ రావాలా వద్దా అన్న చర్చ ఎప్పుడో ముగిసింది. ఢిల్లీలో పథకం ఉంది, హైదరాబాద్‌లో కార్పొరేషన్ ఉంది, నిధుల లెక్కలున్నాయి. మిగిలింది ఎలా రావాలన్న ప్రశ్న. ఈ ప్రశ్నకు ఇన్నేళ్లుగా మనం చెప్పుకుంటున్న జవాబు కిలోమీటర్లలో ఉంటోంది: ఇన్ని వేల కిలోమీటర్ల కేబుల్ వేశాం, ఇన్ని పంచాయతీలకు చేర్చాం. ఆ లెక్కే తప్పుదారి పట్టిస్తోంది. పల్లె ఫైబర్‌ను కొలవాల్సింది వేరే మూడు సంగతులతో. కేబుల్ భూమిలో ఎంత లోతున ఉంది? అది ఎక్కడ ఉందో చెప్పే పటం ఎవరి దగ్గరుంది? తెగితే ఎన్ని గంటల్లో అతుకుతున్నారు? ఈ మూడింటికీ జవాబు లేని కిలోమీటరు కాగితం మీద ఉన్నా, ఊరికి లేనట్టే.

ఇంటర్నెట్ అనగానే సినిమాలు, రీళ్లు గుర్తొచ్చేవాళ్లకు అడవి పల్లెలో దాని అవసరం చిన్నదిగా తోచవచ్చు. కానీ గత పదేళ్లలో ప్రభుత్వం తన గడపలన్నీ నెట్ మీదికి మార్చుకుంది. రేషన్ బియ్యం ఈ-పాస్ మిషన్ మీద వేలు పెడితేనే వస్తాయి. ఊళ్లలో పింఛను పోస్టాఫీసులో గుర్తింపు సరిపోతేనే చేతికందుతుంది. 2023 జనవరి నుంచి ఉపాధి హామీ కూలీల హాజరును పని దగ్గర ఫొటో తీసి యాప్‌లో ఎక్కించడం తప్పనిసరి చేశారు. భూమి రికార్డు 2020లో ధరణిలోకి వెళ్లింది, 2025 ఏప్రిల్ నుంచి భూభారతిలోకి మారింది. కుల ధ్రువీకరణకు మీసేవ, చదువుకు ఆన్‌లైన్ పాఠాలు, ఆరోగ్య ఉపకేంద్రానికి రికార్డులు. ఇవన్నీ కలిపినా పెద్ద డేటా కాదు. వేలిముద్ర ఒకటి సరిచూడటానికి కావాల్సినది ఒక ఫొటో కన్నా తక్కువ. అయితే రేషన్‌కు వచ్చిన మనిషి మిషన్ ముందు నిలబడిన ఆ నిమిషంలో లైన్ ఉండాలి. ‘నెట్ లేదమ్మా, రేపు రా’ అన్న మాట విని గూడేనికి తిరిగి నడిచే మనిషి పోగొట్టుకునేది ఒక రోజు కూలి. పట్నంలో నెట్ పోతే విసుగు. ఇక్కడ పోతే పూట గడవడం కష్టం. అందుకే గంగారానికి వేగం రెండో మాట. తెగకుండా ఉండటం మొదటి మాట. మొత్తం వాదన ఈ తేడా మీదే నిలబడి ఉంది.

తెగకుండా ఉండటం ఎక్కడ మొదలవుతుందో తెలియాలంటే పని జరిగే తీరు దగ్గరగా చూడాలి. రోడ్డు అంచుకు దూరంగా, రోడ్డు హద్దుకు లోపలగా కాలువ తీస్తారు. టెలికం శాఖలో చాలా ఏళ్లుగా నడుస్తున్న ప్రమాణం ప్రకారం మామూలు నేలలో దాని లోతు 165 సెంటీమీటర్లు, అంటే అయిదడుగుల అయిదంగుళాలు. అడుగున రాళ్లు ఏరి, జల్లించిన మట్టి పరిచి, దాని మీద హెచ్‌డీపీఈ పైపు దింపుతారు. బయటి వ్యాసం 40 మిల్లీమీటర్లు, లోపలిది 33. పనిలో దీన్ని డక్ట్ అంటారు. లోపలి గోడకు కేబుల్ జారిపోయేలా నునుపైన పూత ఉంటుంది. పైపుల అతుకులు గాలి చొరకుండా బిగించాలి, కొసలకు మూతలు పెట్టాలి. పైన కొంత మట్టి పోశాక కింద కేబుల్ ఉందని చెప్పే రంగు టేపు పరిచి, మిగతాది పూడ్చి దిమ్మిస కొడతారు. ఇంత చేసినా అప్పటికి కేబుల్ ఇంకా లోపలికి రానే లేదు. తర్వాత ఒక కొస దగ్గర కంప్రెసర్ పెట్టి, గాలి ఒత్తిడితో కేబుల్‌ను డక్ట్‌లోకి ఊదుతారు. పైపు తిన్నగా, శుభ్రంగా ఉంటే కేబుల్ చకచకా సాగిపోతుంది. ఎక్కడో ఒకచోట రాయి నొక్కి పైపు నలిగినా, అతుకులో మట్టి చేరినా అక్కడే ఆగుతుంది; ఆ చోటు వెతికి మళ్లీ తవ్వాలి. కాలువలో చూపిన శ్రద్ధ ఎంతో కంప్రెసర్ దగ్గరికి వచ్చేసరికి బయటపడుతుంది. లోతు మాత్రం అప్పుడు కూడా బయటపడదు. గాలికి మీటరు లోతైనా మీటరున్నర లోతైనా ఒకటే.

కేబుల్ డ్రమ్ము సాధారణంగా రెండు కిలోమీటర్లది. అందుకే ఆ దూరానికొక జాయింట్, దానికొక సిమెంటు చాంబర్. చాంబర్‌లో రెండు వైపులా కొన్ని మీటర్ల కేబుల్ చుట్ట చుట్టి వదులుతారు, రేపు మరమ్మతు వస్తే లాక్కోవడానికి. ఈ జాయింట్ దగ్గర జరిగే పని చూడదగ్గది. కేబుల్ తొడుగు విప్పితే నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ రంగుల పూతతో పోగులు బయటికొస్తాయి. పూత గీకేస్తే మిగిలే గాజు మందం 125 మైక్రాన్లు, మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. అందులో వెలుతురు నడిచే నడిమి భాగం తొమ్మిది మైక్రాన్లే. దాన్ని స్పిరిట్‌తో తుడిచి, కొసను నిట్టనిలువుగా తెగేలా కోసి, రెండు కొసలను స్ప్లైసింగ్ మిషన్‌లో ఎదురెదురుగా పెడితే తెర మీద అవి పెద్దవిగా కనిపిస్తాయి. మిషన్ వాటిని జరిపి సరిచేసి, చిన్న విద్యుత్ మెరుపుతో కరిగించి కలుపుతుంది. అతుకు బాగుంటే పోయే వెలుతురు 0.1 డెసిబెల్‌కు లోపే. చేతి తడి తగిలినా, కోత కాస్త వాలినా, గాలిలో దుమ్ము చేరినా ఆ అంకె పెరుగుతుంది. వానాకాలం రాత్రి, టార్చిలైటు వెలుగులో, రోడ్డు పక్కన గొడుగు కింద ఈ పని చేసే కుర్రాడి చేతి స్థిమితం మీద ఎన్నో ఊళ్ల రేపటి రేషన్ ఆధారపడి ఉంటుంది.

గాజు తప్పేమీ లేదని చెప్పడానికి చరిత్ర చాలు. 1966లో చార్లెస్ కావో గాజులోని మలినాలు తీసేస్తే వెలుతురు దూరం పోగలదని వాదించాడు. కిలోమీటరుకు 20 డెసిబెల్ నష్టం వరకు తగ్గిస్తే పనికొస్తుందన్నాడు. అంటే కిలోమీటరు దాటేసరికి నూటికి ఒక వంతు వెలుతురు మిగిలితే చాలన్నమాట. 1970లో కార్నింగ్ కంపెనీ శాస్త్రవేత్తలు ఆ గీత దాటారు. ఇవాళ మన కాలువల్లో పడుతున్న మామూలు ఫైబర్‌లో కిలోమీటరుకు పోయేది 0.2 నుంచి 0.35 డెసిబెల్, నూటికి తొంభై వంతులకు పైగా మిగులుతుంది. కావోకు 2009లో నోబెల్ వచ్చింది. కాబట్టి గాజు తన పని చేసింది. నష్టమంతా మట్టి పనిలో, మరమ్మతులో జరుగుతోంది. కేబుల్ తెగినప్పుడు రెండు కొసలు లాగినా అందకపోతే మధ్యలో ముక్క వేస్తారు. అప్పుడు ఒక తెగుడుకు రెండు కొత్త అతుకులు చేరతాయి. మార్కెట్ రోజు లైన్ రావాలన్న ఒత్తిడిలో వేసిన అతుకు, చాంబర్ కట్టకుండా పాలిథిన్ చుట్టి పూడ్చిన జాయింట్, ఇలాంటివి ఒక్కొక్కటే పోగై లైన్‌ను బలహీనం చేస్తాయి. అయిదేళ్లలో పది చోట్ల తెగిన లైన్ ‘కనెక్టెడ్’ అనే జాబితాలో ఉంటుంది, వెలుతురు మాత్రం ఆ చివరికి అరకొరగా చేరుతుంది.

ఇక లోతు సంగతి. తవ్వే పని కాంట్రాక్టు మీద నడుస్తుంది. మెత్తటి నేలకు ఒక రేటు, రాతి నేలకు ఒక రేటు. గంగారం లాంటి చోట చెల్క కింద మొరం, మొరం కింద గుండు తగులుతాయి. రాయి తగిలిన చోట తక్కువ లోతుకు నిబంధన ఒప్పుకుంటుంది, అయితే అప్పుడు ఇనుప పైపు తొడగాలి లేదా కాంక్రీటు పోయాలి. ఇది ఖర్చుతో కూడిన పని. మట్టి పూడ్చాక కొలవడం కష్టం, పూడ్చకముందు కొలిచే మనిషి ప్రతి కిలోమీటరు దగ్గరా ఉండడు. మీటరు కూడా లేని లోతులో పడిన డక్ట్ మొదటి ఏడాది బాగానే పనిచేస్తుంది. రెండో ఏడాది రోడ్డు అంచుకు మొరం పోయడానికి వచ్చిన జేసీబీ, కరెంటు స్తంభానికి తీసిన గుంత, పొలానికి వేసిన బోరు పైపు, ఏదో ఒకటి దాన్ని అందుకుంటుంది. దేశంలో ఏటా సుమారు పది లక్షల ఫైబర్ తెగుళ్లు జరుగుతున్నాయనీ, వాటి నష్టం దాదాపు 3,000 కోట్ల రూపాయలనీ కేంద్ర ప్రభుత్వమే చెప్పింది. 2023 మార్చి 22న ‘కాల్ బిఫోర్ యు డిగ్’ యాప్ తెచ్చింది ఇందుకే: తవ్వేముందు అడుగు, కింద ఏమున్నదో చెబుతాం అని. మంచి ఆలోచన. కానీ కింద ఏమున్నదో చెప్పాలంటే ముందు అది సరిగ్గా రాసి ఉండాలి. రోడ్డు మధ్య నుంచి ఎన్ని మీటర్ల దూరం, ఎంత లోతు, ఏ చాంబర్ ఎక్కడ అన్న రికార్డు కాలువ తెరిచి ఉన్నప్పుడే తీయాలి. ఆ రోజు దాటితే మళ్లీ దొరకదు.

ఈ కిలోమీటర్ల అలవాటు నిన్న మొన్నటిది కాదు. జాతీయ ఆప్టికల్ ఫైబర్ నెట్‌వర్క్‌కు 2011 అక్టోబరులో కేంద్రం ఆమోదం తెలిపింది. 2012లో ప్రయోగానికి దేశంలో ఎంచుకున్న మూడు బ్లాకుల్లో ఒకటి మన తెలుగు నేల మీదిదే, విశాఖపట్నం దగ్గరి పరవాడ. 2015 నాటికి దాని పేరు భారత్‌నెట్ అయింది. 2017 చివరికి లక్ష పంచాయతీలకు చేరామని ప్రకటించారు. ఆ మొదటి దశ వేసిన తీరులో పెద్ద లోపం ఉంది. మండల కేంద్రం నుంచి ఊరి తర్వాత ఊరికి ఒకే వరుసగా లైన్ వెళ్లింది. మొదట్లో ఒక్కచోట తెగితే ఆ వరుసలో మిగతా ఊళ్లన్నీ చీకటి. 2023 ఆగస్టులో 1,39,579 కోట్ల రూపాయలతో ఆమోదించిన సవరించిన భారత్‌నెట్ ఈ పొరపాటును ఒప్పుకుని దిద్దింది. వరుసకు బదులు వలయం వేయాలి, ఒక వైపు తెగితే మరో వైపు నుంచి వెలుతురు రావాలి, వేసినవాళ్లే పదేళ్లు నిర్వహించాలి అంది. పన్నెండేళ్లకు వచ్చిన ఈ మార్పు చాలా సరైనది. అయితే గంగారం విషయంలో వలయం అన్న మాటను నిక్కచ్చిగా పట్టుకోవాలి. ఇక్కడ రోడ్లు తక్కువ. పోయే ఫైబర్, తిరిగి వచ్చే ఫైబర్ ఒకే కాలువలో పెట్టి కాగితం మీద గుండ్రంగా గీస్తే, ఒకే జేసీబీ రెండింటినీ తెంపుతుంది. కొత్తగూడ వైపు నుంచి ఒక దారి, ములుగు జిల్లా వైపు నుంచి మరో దారి నిజంగా వేరుగా ఉంటేనే అది వలయం. ఖర్చు పెరుగుతుంది, నిజమే. ఆ ఖర్చు పెట్టనప్పుడు వలయం అని రాయకూడదు.

తెలంగాణ తనదైన తెలివైన ఆలోచనతో ముందుకొచ్చింది. మిషన్ భగీరథ కోసం లక్ష కిలోమీటర్లకు పైగా నీటి పైపులు భూమిలోకి పోతున్నప్పుడు, అదే కాలువలో ఫైబర్ డక్ట్ కూడా వేస్తే తవ్వే ఖర్చు మిగులుతుంది. ఫైబర్ పనిలో పెద్ద ఖర్చు తవ్వకానిదే కనుక ఈ లెక్క గట్టిది. రాష్ట్ర ఫైబర్ సంస్థ టీ-ఫైబర్ పుట్టుకకు మూలం ఇదే. 2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గరి కోమటిబండలో భగీరథ ప్రారంభమైంది; నీళ్లు చాలా ఊళ్లకు కొన్నేళ్లలోనే వచ్చాయి. ఫైబర్ మాత్రం ఆ వేగంతో రాలేదు. 2024 డిసెంబరులో కూడా నారాయణపేట జిల్లా మద్దూరు, పెద్దపల్లి జిల్లా అడవి శ్రీరాంపూర్ వంటి కొద్ది గ్రామాల్లో ప్రయోగాత్మకంగానే సేవలు మొదలయ్యాయి. ఆలస్యాన్ని పక్కన పెట్టినా, ఒకే కాలువ ఆలోచనలో దాగిన చిక్కు ఒకటుంది. నీటి పైపుకు 165 సెంటీమీటర్ల లోతు అక్కర్లేదు, అది పైనే ఉంటుంది. పైగా నీటి పైపు పగులుతుంది. పగిలితే జేసీబీ వస్తుంది. నీళ్ల కోసం వచ్చిన జేసీబీకి పక్కనున్న డక్ట్ కనిపించదు. రెండు శాఖలూ ఒకే పటం చూసుకోకపోతే, కలిపి తవ్విన చోటే కలిసి తెగుతుంది. ఒకసారే తవ్వడం మంచిదే. ఆ కాలువకు ఒక యజమాని ఉండటం అంతకన్నా ముఖ్యం.

ఇంత లోతు తవ్వే బదులు కరెంటు స్తంభాల మీద వేయొచ్చు కదా అనేవాళ్లున్నారు. వాళ్ల వాదనకు బలమైన సాక్ష్యం పక్క రాష్ట్రంలోనే ఉంది. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ మొదటి దశలో స్తంభాల మీదుగా ఇరవై వేల కిలోమీటర్లకు పైగా కేబుల్ లాగింది, దానికి వేసుకున్న లెక్క 333 కోట్లు. 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దాన్ని ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకే టీవీ, ఫోన్, ఇంటర్నెట్ ఇస్తామన్నారు. వేగంలో, ధరలో దాన్ని తక్కువ చేసి చూడలేం. మైదానపు ఊళ్లలో, స్తంభాలు దగ్గర దగ్గరగా ఉన్నచోట అది సరైన దారే కావచ్చు. గంగారం సంగతి వేరు. 2024 ఆగస్టు 31న ఇక్కడికి దగ్గరలోనే, ములుగు జిల్లా తాడ్వాయి, మేడారం మధ్య అడవిలో వీచిన సుడిగాలికి కూలిన చెట్లు సుమారు అర లక్ష అని అటవీ శాఖ తొలి అంచనా వేసింది. ఆ దారిలో స్తంభాల మీద కేబుల్ ఉండి ఉంటే అతకడానికి మనిషి లోపలికి వెళ్లడమే రోజుల పని. స్తంభం మీది కేబుల్‌కు కరెంటు లైన్ కష్టాలన్నీ వస్తాయి: విరిగిన కొమ్మ, వంగిన స్తంభం, మంటలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానుకు విశాఖపట్నంలో కూలిన స్తంభాల లెక్క చూశాకే అక్కడ కరెంటు తీగలనే భూమిలోకి దించే పని మొదలుపెట్టారు. స్తంభం మీద వేసి ఏటా అతకడం చవకా, ఒకసారి లోతుగా తవ్వడం చవకా అన్న లెక్కను మొదటి ఏడాది బిల్లు చూసి తేల్చకూడదు.

అలాగని భూమిలో ఉన్నది భద్రంగా ఉంటుందని చెప్పడం కూడా అబద్ధమే. తాడ్వాయిలో చెట్లు కూలిన ఆ రోజుల్లోనే, మహబూబాబాద్ జిల్లాలో కురిసిన వానకు ఇంటికన్నె, కేసముద్రం మధ్య రైలు పట్టాల కింది కంకర కొట్టుకుపోయి పట్టాలు గాల్లో వేలాడాయి. రైలు కట్టనే కడిగేసిన నీటికి రోడ్డు అంచున కేబుల్ కాలువ ఒక లెక్క కాదు. భూమిలోని ఫైబర్‌కు అసలు శత్రువు వాగు దాటే చోటు. అక్కడ లోతుగా తవ్వే వీల్లేక, కల్వర్టు పిట్టగోడకు ఇనుప పైపు బిగించి అందులో కేబుల్ తీసుకెళ్తారు. వరద వస్తే మొదట పోయేది అదే. దీనికి దారి ఉంది. అడ్డంగా బోరు వేసే యంత్రంతో వాగు అడుగుకు చాలా కిందనుంచి పైపు తోయవచ్చు. మీటరుకు ఖర్చు మామూలు కాలువ కన్నా ఎక్కువ, రాయి తగిలితే ఇంకా ఎక్కువ. కానీ మండలం మొత్తంలో ఆ ఖర్చు పెట్టాల్సిన దూరం కొన్ని వందల మీటర్లకు మించదు. మిగతా కిలోమీటర్లన్నీ నిలబెట్టేది ఆ వందల మీటర్లే. టెండరు రాసేటప్పుడు సగటు రేటు వేసి వాటిని కలిపేస్తే పని చవకగా పూర్తయినట్టు కనిపిస్తుంది. మొదటి వరదకు లోటు బయటపడుతుంది.

ఫైబర్ దేనికి, సెల్ టవర్ చాలదా అన్నది ఇంకో మాట. 2022 జులైలో కేంద్రం సిగ్నల్ లేని 24,680 ఊళ్లకు 4జీ ఇచ్చేందుకు 26,316 కోట్లతో పథకం ఆమోదించింది. అది అవసరమే. కానీ టవర్‌కు ఫోన్ నుంచి వచ్చిన డేటాను అక్కడి నుంచి మోసేది ఏమిటి? ఫైబర్ లేని టవర్ రేడియో తరంగాల మీద ఇంకో టవర్‌కు అందించాలి. గుట్టలు, చెట్లు అడ్డం వస్తాయి, మోసే బరువు తక్కువ. పండుగ పూట ఊరంతా ఫోన్లు తీస్తే గీతలు నాలుగూ కనిపిస్తూనే నెట్ కదలదు. ఫైబర్ వస్తే అదే టవర్ బాగుపడుతుంది, కాబట్టి ఈ రెండింటికీ పోటీ లేదు. ఉపగ్రహ ఇంటర్నెట్ గురించీ వింటున్నాం. తోవే లేని చివరి గూడేనికి అది పనికొస్తుంది, విపత్తులో ప్రాణం నిలుపుతుంది. అయితే దానికి ఆకాశం తెరిచి కనబడాలి. టేకు, మద్ది చెట్ల నీడలోని ఇంటికి అది దొరకదు. దాని ధర కూడా కూలి ఇంటికి అందేది కాదు.

అడవిలో తవ్వడానికి అనుమతులు రావన్న మాట అధికారుల నుంచే తరచుగా వినిపిస్తుంది. ఇది సగం నిజం. పాకాల, ఏటూరునాగారం అభయారణ్యాలు ఈ ప్రాంతానికి దగ్గరే. అభయారణ్యం లోపల నియమాలు కఠినంగా ఉంటాయి, ఉండాలి కూడా. కానీ అభయారణ్యం కాని అడవిలో, ఉన్న రోడ్డు హద్దులోనే, చెట్టు కొట్టకుండా, రెండు మీటర్ల లోతు, ఒక మీటరు వెడల్పు దాటకుండా ఫైబర్ కాలువ తీసేందుకు అటవీ సంరక్షణ చట్టం కింద కేంద్రం ఎప్పుడో సాధారణ అనుమతి ఇచ్చింది. ఇంకా ముఖ్యమైనది 2006 అటవీ హక్కుల చట్టం. దాని సెక్షన్ 3(2) బడి, అంగన్‌వాడీ, రోడ్డు, తాగునీటి పైపులతోపాటు విద్యుత్, టెలికం లైన్లను కూడా గ్రామసభ సిఫారసుతో అటవీ భూమిలో వేసుకునే వీలు ఇచ్చింది. ఒక్కో పనికి హెక్టారు లోపు భూమి, హెక్టారుకు 75 చెట్లకు మించకూడదు. లెక్క వేసి చూడండి. అడుగున్నర వెడల్పు కాలువ ఇరవై కిలోమీటర్లు తవ్వినా హెక్టారు నిండదు. గంగారం ఏజెన్సీ మండలం, ఏజెన్సీ గ్రామసభలకు అధికారాలిచ్చే పెసా చట్టం వర్తించే నేల. ఇక్కడ గ్రామసభను దాటి తవ్వడం తప్పు. గ్రామసభను పిలవకుండా అనుమతి రాలేదనడం అంతకన్నా పెద్ద తప్పు.

పంచాయతీ ఆఫీసు దాకా కేబుల్ వచ్చినా వాడేవాళ్లు లేరు, నెట్ పెట్టె మీద దుమ్ము పేరుకుపోయింది, కాబట్టి డిమాండే లేదని వాదించేవాళ్లకు చెప్పాల్సింది ఉంది. మొదటి దశలో కేబుల్ పంచాయతీ గోడ దగ్గర ఆగింది. అక్కడి నుంచి బడికి, ఉపకేంద్రానికి, రేషన్ దుకాణానికి లాగే పని ఎవరిదో తేల్చలేదు. కరెంటు పోతే పెట్టె ఆగుతుంది, బ్యాటరీ పాడైతే మార్చేవారు ఉండరు. మూడు రోజులు ఉండి నాలుగు రోజులు లేని లైన్‌కు ఏ మీసేవ నిర్వాహకుడు నెలనెలా డబ్బు కడతాడు? నమ్మకం లేక వాడకం తగ్గింది; దాన్ని ఆసక్తి లేకపోవడంగా రాసుకున్నారు. ఇంకో సంగతి కూడా ఉంది. తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టం వచ్చాక అయిదు వందల జనాభా దాటిన తండాలు, గూడేలు ఎన్నో కొత్త పంచాయతీలయ్యాయి. రాష్ట్రంలో పంచాయతీలు పన్నెండు వేలు దాటాయి. 2011 నాటి పంచాయతీల జాబితాతో మొదలైన నెట్‌వర్క్‌లో ఈ కొత్త ఊళ్లు లేవు. ‘మండలంలో అన్ని పంచాయతీలకూ’ అన్న పాత వాక్యం ఇవాళ్టి గంగారానికి సరిపోదు.

నిర్వహణ దగ్గరికి వస్తే తెలంగాణ పల్లెకు కొత్తగా నేర్పాల్సింది ఏమీ లేదు. పాకాల చెరువు కాకతీయుల కాలం నుంచి నిలబడిందంటే కట్ట కట్టిన రాజు వల్ల మాత్రమే కాదు. తూము ఎప్పుడు తెరవాలో, కట్ట ఎక్కడ కారుతోందో ఎరిగిన నీరటి ఊళ్లో ఉండేవాడు. ఫైబర్‌కు అలాంటి నీరటి కావాలి. జిల్లా కేంద్రంలో ఉండే మరమ్మతు బృందానికి గంగారం చేరడానికే పూట పడుతుంది. తెగిన చోటు వెతకడం ఆ తర్వాతి మాట. ఓటీడీఆర్ పరికరం ఎన్ని మీటర్ల దూరంలో వెలుతురు ఆగిందో చెబుతుంది, ఆ మీటరు ఏ చింతచెట్టు దగ్గరో చెప్పగలిగేది ఊరి మనిషే. ఏటూరునాగారం ఐటీడీఏ పరిధిలో ఐటీఐ చదివిన కోయ, లంబాడా యువకులున్నారు. వాళ్లలో మండలానికి ఇద్దరు ముగ్గురికి స్ప్లైసింగ్ నేర్పి, మిషన్ చేతికిచ్చి, నెల జీతం మీద పెట్టుకోవడం ఈ వేల కోట్ల లెక్కలో కనిపించని ఖర్చు. ఇంగ్లండ్ ఉత్తర పల్లెల్లో 2011లో మొదలైన ‘బ్రాడ్‌బ్యాండ్ ఫర్ ది రూరల్ నార్త్’ సంస్థను ఊరివాళ్లే నడుపుతున్నారు; రైతులు తమ పొలాల గుండా దారి ఇచ్చారు, చాలాచోట్ల కాలువలు తామే తవ్వుకున్నారు. పెద్ద కంపెనీలు లాభం లేదని వదిలేసిన ఊళ్లవి. మన దగ్గర ఊరివాళ్లచేత ఉచితంగా తవ్వించమని ఎవరూ అనకూడదు, కూలికి కూలి ఇవ్వాల్సిందే. కానీ కాలువ తమదని ఊరు అనుకున్నచోట జేసీబీ డ్రైవర్‌ను ఆపే మనిషి ఉంటాడు.

సవరించిన భారత్‌నెట్‌లో పదేళ్ల నిర్వహణ షరతు ఉంది. అది పాటించారా లేదా అన్నది ఢిల్లీలో తెలియదు, గంగారంలో తెలుస్తుంది. కాబట్టి అక్కడి సర్పంచులకు, వార్డు సభ్యులకు, చదువుకున్న పిల్లలకు ఒక విన్నపం. మీ ఊరి దారిలో ఫైబర్ కాలువ తవ్వుతున్న రోజు టేపు పట్టుకుని వెళ్లి, పూడ్చకముందే లోతు కొలవండి. రాయి ఉందని లోతు తగ్గించిన చోట ఇనుప పైపో కాంక్రీటో పడిందో చూడండి. కాలువ తెరిచి ఉండగా ఫొటోలు తీసి, చాంబర్లు గుర్తించిన పటాన్ని పంచాయతీ రికార్డులో పెట్టించండి. కల్వర్టు మీదినుంచి కాక వాగు కిందినుంచి వేయమని గ్రామసభ తీర్మానం చేసి పంపండి. లైన్ పోయిన తేదీ, గంట, తిరిగి వచ్చిన గంట ఒక పుస్తకంలో రాసి, మూడు నెలలకోసారి మండల సర్వసభ్య సమావేశంలో చదివి వినిపించండి.